కల్బా కొండల్లో జగిత్యాల

హన్మాండ్లు అబద్ధాలాడే మనిషి కాదు. దుబాయ్‌కు అవతల సముద్రం ఒడ్డునున్న కల్బాలో అతను పనిచేసే టైల్స్ దుకాణంలో మూల విరిగిన పలక కనబడితే, కొనేవాడు గమనించకపోయినా తనే తీసి పక్కన పెట్టేస్తాడు. అందుకు అక్కడ ముదీర్ అని పిలిచే మేనేజరు చేత చీవాట్లు తిన్న రోజులూ ఉన్నాయి. అలాంటి మనిషి ముప్పై ఏళ్ళ కింద ఒకే ఒక్క అబద్ధం ఆడాడు. తాను దుబాయ్‌లో రైలు నడుపుతున్నానని పెళ్ళానికి చెప్పాడు.

పూర్తిగా గాల్లోంచి పుట్టిన మాటేం కాదది. రైలు నిజంగానే ఉండేది. కల్బా వెనక కొండల్లో ఒక రాళ్ళ క్వారీ, అక్కడి నుంచి వాగు గట్టు వెంబడి నాలుగున్నర కిలోమీటర్లు కిందికి సన్నటి పట్టాలు. సముద్రంలో అడ్డుకట్ట కట్టడానికి బండరాళ్ళు కావాలి. వాటిని ఎనిమిది ఇనుప డబ్బాల్లో నింపి కిందికి దించి, అక్కడ లారీలకెత్తేవాళ్ళు. ఇంజనుండేది, దానికొక డ్రైవరూ ఉండేవాడు. ఆ డ్రైవరు కరీంనగర్ అయూబ్. మన హన్మాండ్లు బ్రేకు మనిషి. డబ్బాకు వెలుపల బిగించిన చెక్క మీద నిలబడి, ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకుని, తొంభై మూడు నుంచి తొంభై తొమ్మిది దాకా ఆరేళ్ళు ఆ పని చేశాడు.

అబద్ధం ఎందుకాడాడంటే, దానికి కారణం కొమురవ్వ అక్క మొగుడు. ఆ ఏడే అతను మస్కట్‌లో లారీ డ్రైవరయ్యాడు. ఆ రోజుల్లో రాయడం రానివాళ్ళు మాటల్ని క్యాసెట్‌లో పట్టి, సెలవు మీద ఊరికి పోయేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళు. జవాబు కూడా క్యాసెట్‌లోనే వచ్చేది. కొమురవ్వ పంపిన మొదటి క్యాసెట్‌లో సగం ఆ లారీయే. మా బావకు లారీ ఇచ్చిన్రంట, మా బావకు సీటు కింద ఫ్యానున్నదంట. అదంతా విన్నాక, నేనిక్కడ ఎండలో నిలబడి కడ్డీ పట్టుకుంటున్నానని చెప్పడానికి హన్మాండ్లుకు నోరు రాలేదు. లారీ కంటే పెద్దది ఏముందా అని చుట్టూ చూస్తే రైలు కనబడింది.

ఒకసారి మొదలుపెట్టాక అతను ఏ లోటూ చేయలేదు. ఇంజను దగ్గరికి టేప్‌రికార్డర్ మోసుకుపోవడం కుదరక, క్యాంపు గదిలో దుప్పటి ముసుగేసుకుని నోటితోనే కూత పెట్టి పంపాడు. ఆ కూత మెట్‌పల్లి పక్కన వాళ్ళ ఊళ్ళో ఎంత పేరు తెచ్చుకుందంటే, కొమురవ్వ బీడీలు చుట్టుకునే అరుగు మీదికి సాయంత్రం కాగానే వాడకట్టు వాడకట్టంతా చేరి, కూత ఇంకోసారి పెట్టమని అడిగేవాళ్ళు. ఆమెకు ఊళ్ళో రైలు కొమురవ్వ అని పేరు పడిపోయింది. ఇప్పటికీ అదే పేరు.

అబద్ధం ఇన్నాళ్ళూ నిలిచిందంటే దానికీ కారణముంది. గ్యాంగ్‌లో పన్నెండు మంది, అందరూ ఆర్మూర్ నుంచి జగిత్యాల పోయే రోడ్డు మీది ఊళ్ళవాళ్ళే. వాళ్ళలో ఒకరి ఇంటి క్యాసెట్‌లో ఏం చెప్పుకున్నారన్నది ఇంకొకరు బయట పెట్టకూడదని ఒట్టు. క్యాంపులో చపాతీలు చేసేవాడు ఇంటి దగ్గర హోటల్ మేనేజరు. గేటు దగ్గర కూర్చునేవాడు సెక్యూరిటీ ఆఫీసరు. ఎవరికి వాళ్ళకు ఒక మూట ఉన్నప్పుడు పక్కవాడి మూట ఎవరు విప్పుతారు!

ఆ పన్నెండు మందే లైను మీద ఆగే చోట్లన్నిటికీ తమ ఊళ్ళ పేర్లు పెట్టుకున్నారు. క్వారీ నిండా ఆర్మూర్ గుట్ట మీది లాంటి గుండ్లు కాబట్టి అది ఆర్మూర్. అక్కడి నుంచి దిగుతుంటే వరుసగా మోర్తాడ్, మెట్‌పల్లి, కోరుట్ల. చివర లారీలాగే చోటు జగిత్యాల. సున్నం కలిపి బండల మీద తెలుగులో రాశారు. పోనుపోను క్వారీలోని అరబ్బు ముదీర్ కూడా నాలుక తిరక్కపోయినా కొరుత్లా, కొరుత్లా అని అరిచేవాడు.

తర్వాత పని ఖలాస్ అయింది, పట్టాలు పీకేశారు, గ్యాంగ్ చెదిరిపోయింది. హన్మాండ్లు దుకాణాల్లో చేరాడు. రెండేళ్ళ కిందట ఆ తోవను బాగు చేసి, జనం వాగు చూసుకుంటూ నడవడానికని తెరిచారు. కింద, జగిత్యాల దగ్గర, పాత ఇంజనుకూ ఒక డబ్బాకూ రంగులేసి నిలబెట్టారు. దాని పక్కన ఒక పెద్ద బోర్డు, బోర్డు మీద అప్పటి ఫోటో ఒకటి మనిషంత ఎత్తున వేశారు. ఇప్పుడు అక్కడే చాయ్ దుకాణం నడుపుతున్న అయూబ్ ఆ రోజే ఫోన్ చేసి, సర్కారు నీ ఫోటో పెట్టింది యార్ అని సంబరంగా చెప్పాడు. హన్మాండ్లుకు మాత్రం అన్నం సహించలేదు. ఆ ఫోటోలో ఇంజను లోపల టోపీ పెట్టుకుని అయూబ్ కూర్చున్నాడు. డబ్బా మీద కడ్డీ పట్టుకుని తను నిలబడ్డాడు. చదువురాని వాళ్ళకు కూడా అర్థమయ్యే ఫోటో అది.

ఇప్పుడు కొమురవ్వ వచ్చింది.

కొడుకు భూమేశ్ జెబెల్ అలీలో ఒక గోడౌన్ ఆఫీసులో పనిచేస్తాడు, షార్జా అల్ నహ్దాలో ఉంటాడు. వాడే తల్లికి రెండు నెలల విజిట్ వీసా తీశాడు. ఎత్తయిన మేడలు చూపించాడు, మెడ నొప్పి పెట్టిందంది. చేపల అద్దాల మేడ చూపించాడు, చేపలు బాగున్నయంది. రోజూ రాత్రి అన్నాల దగ్గర మాత్రం ఒకటే అడిగేది, రైలు తోవ ఎప్పుడు చూపిస్తరని. సంచీలో కొండగట్టు కుంకుమ పొట్లం తెచ్చుకుంది. వెనకటి రోజుల్లో ప్రతి దసరాకూ ఆమె ఎవరో ఒకరి చేత ఆ కుంకుమ పంపి, ఇంజనుకు బొట్టు పెట్టి నిమ్మకాయ తొక్కించమని క్యాసెట్‌లో మరీ మరీ చెప్పేది. ఇన్నేళ్ళకు తన చేత్తో పెట్టే రోజు వచ్చింది, దాన్ని ఎట్లా వదులుకుంటుంది?

సెలవు పెట్టి కొడుకింట్లోనే ఉంటున్న హన్మాండ్లు ఎండలన్నాడు. అది జనవరి. మోకాళ్ళ నొప్పులన్నాడు. ఆమె రోజూ అల్ నహ్దా పార్కు చుట్టూ నాలుగు చుట్లు తిరిగి వస్తోంది. చివరికి ఏ దారీ లేక ఒక ఆదివారం ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడే గానీ, రెండు జాగ్రత్తలు తీసుకున్నాడు. భూమేశ్ తమను పైన ఆర్మూర్‌లో దించి, కారు రోడ్డు తోవను తాకే కోరుట్ల దగ్గరికొచ్చి ఎక్కించుకోవాలి. అక్కడి నుంచి ఇంటికే. ఇక ఒకవేళ ఖర్మ కాలి జగిత్యాల దాకా పోవాల్సి వస్తే, అయూబ్ తన చాయ్ పరాటాల బ్యానరు తెచ్చి ఆ ఫోటో మీద కట్టేయాలి. అయూబ్ పడీ పడీ నవ్వి, సరేనన్నాడు.

అంతకు వారం కిందటే కొండల్లో వాన పడింది. అరబ్బులు వాదీ అంటారు గానీ అది మన వాగే. గులకరాళ్ళ మీద మోకాలు లోతు నీళ్ళు, అడుగు కనబడేంత తేటగా, చిన్న చప్పుడుతో పోతున్నాయి. ఒడ్డు పొడుగునా గన్నేరు గుబుర్లు గులాబీ రంగు పూలతో నీళ్ళ మీదికి ఒరిగి ఉన్నాయి. అవతలి గట్టున నాలుగు ఖర్జూరపు చెట్లు, రాతి కాలువలో వాటికి పారే నీళ్ళు, తుమ్మచెట్టు కింద మేకలు. తోవ మీద పట్టాలు లేవు, స్లీపరు చెక్కలు మాత్రం మట్టిలో సగం కూరుకుపోయి అడుగడుక్కీ ఒకటి కనబడుతున్నాయి. కొమురవ్వ చెప్పులు విప్పి సంచీలో పెట్టుకుని, ఆ చెక్కల మీద ఒక్కొక్కటిగా అడుగేస్తూ నడిచింది. దుబాయ్ అంటే ఇసకే అనుకున్నానని, ఇంత చల్లటి చోటు పెట్టుకుని ఇసక ఫోటోలు పంపించావేమని మొగుణ్ణి దెప్పింది.

మోర్తాడ్ రాకముందే రేగుచెట్టేదని అడిగింది. మూడో క్యాసెట్‌లో చెప్పావు గదా, మోర్తాడ్ కాడ రేగుచెట్టు, పండ్లు రాలితే డబ్బాలో పడతయని. హన్మాండ్లుకు తను చెప్పినట్టే గుర్తు లేదు. మలుపు తిరిగితే బండ మీద వెలిసిపోయిన సున్నపు అక్షరాలు, పక్కనే రేగుచెట్టు, కింద పసుప్పచ్చగా రాలిన పండ్లు. ఆమె చదువుకోలేదు కానీ ఆ అక్షరాల మీద వేలు పెట్టి, మోర్తాడ్, అని పైకి చదివింది. కొంగులోకి పండ్లు ఏరుకుంది.

మెట్‌పల్లి దగ్గర నీటి గుంట ఉంటుందనీ, అందులో వేలెడంత చేపలు కాళ్ళు కొరుకుతాయనీ కూడా ఆమెకు తెలుసు. గుంటా ఉంది, చేపలూ ఉన్నాయి. కాళ్ళు పెట్టుకుని కూర్చుని చక్కిలిగింతలకు చిన్నపిల్లలా నవ్వుతుంటే, యాభై ఏళ్ళ పెళ్ళాన్ని చూసి హన్మాండ్లుకు గుండె నిండిపోయింది. వెంటనే అదే గుండె బరువెక్కింది కూడా. చెట్టు నిజం, గుంట నిజం, చేపలు నిజం. ఇన్ని నిజాలు చెప్పినవాణ్ణి ఆ ఒక్కటీ ఎందుకు చెప్పలేకపోయాను అనుకున్నాడు. అది తెలిస్తే మిగతా ఏ మాటనైనా ఈమె ఇంక నమ్ముతుందా? ముప్పై ఏళ్ళు ఆ గొంతును నమ్ముకునే గదా ఆమె ఒంటరిగా ఇల్లు నడిపింది. అతని భయమంతా అదే.

కోరుట్ల వచ్చింది. చెప్పినట్టే భూమేశ్ కారు పక్కన నిలబడి చేయి ఊపుతున్నాడు. హన్మాండ్లు బతికిపోయాననుకుని కారు తలుపు తీశాడు. కొమురవ్వ ఎక్కలేదు.

“ఇంకొక్క స్టేషనున్నది గదా,” అంది. “జగిత్యాల చూడకుంట పోతే ఊళ్ళె ఏమని చెప్పాలె?”

“గాడ ఏం లేదే. ఉత్త చాయ్ దుకాణం.”

“అయితే చాయ్ తాగుదాం పా.”

భూమేశ్ నవ్వి, నేను కారు కిందికి తెస్తాను, మీరు నడిచి రండని వెళ్ళిపోయాడు. తలుపు మీద పెట్టిన హన్మాండ్లు చేయి గాల్లోనే మిగిలింది.

కోరుట్ల దాటాక తోవ ఒక్కసారిగా కిందికి దిగుతుంది. లైను మొత్తంలో అంత వాలు ఇంకెక్కడా లేదు. కొమురవ్వ మొగుడి చేయి గట్టిగా పట్టుకుని, కాళ్ళు అడ్డంగా పెట్టుకుంటూ దిగసాగింది. ఆమె తండ్రి ఎడ్లబండి తోలేవాడు. కోరుట్ల అంగడికి మిరపకాయల బస్తాలు వేసుకుని ఆ బండి మీద చిన్నప్పుడు ఎన్నోసార్లు పోయింది. దిగుట్లో మా నాయన బండి మీద కూర్చునేవాడు కాదు, దిగి ఎడ్ల ముందుకు పోయి కాడికి భుజం ఆనించి పట్టుకునేవాడు, లేకుంటే బరువు ఎడ్లను తోసుకుని పోతుంది అని చెప్పింది. చెప్పి, ఎందుకో మాటలు తగ్గించింది. హన్మాండ్లు అలసిపోయిందేమో అనుకున్నాడు.

కాసేపటికి అడిగింది. “నిండు డబ్బాలు గీ తోవలనే దిగుతుండెనా?”

“ఆఁ.”

“దిగుతుంటె ఇంజను ముందట ఉంటుండెనా, ఎనుకనా?”

ఆరేళ్ళ క్యాసెట్‌లలో ఆమె ఎన్నడూ అడగని ప్రశ్న అది. కింద పడతావు, తోవ చూసి నడువు అన్నాడు హన్మాండ్లు. ఆమె తోవ చూసే నడిచింది.

జగిత్యాలలో అయూబ్ ఏర్పాట్లు మామూలుగా లేవు. బోర్డు మీద బ్యానరు కట్టాడు. కరక్ చాయ్, పరాటా, సమోసా అని మూడు భాషల్లో ఉందది. అంతటితో ఆగితే అయూబ్ ఎందుకవుతాడు? ఎదురొచ్చి, రండి డ్రైవర్ సాబ్ అన్నాడు. కుర్చీ తుడిచి, కూసోండి డ్రైవర్ సాబ్ అన్నాడు. చాయ్ ఇస్తూ కూడా డ్రైవర్ సాబే. హన్మాండ్లు కళ్ళతోనే బతిమాలాడు, కొంచెం తగ్గించమని. భూమేశ్ మాత్రం తండ్రిని గర్వంగా చూస్తూ, ఇంజనులో కూర్చోబెట్టి ఫోటో తీస్తానన్నాడు.

ఇంజను చిన్నది, ఆకుపచ్చ రంగు, ముందు గుండ్రటి దీపం. కొమురవ్వ దానికి ముందు బొట్టు పెట్టింది. ఊదుబత్తి వెలిగించింది, కొబ్బరికాయ కొట్టింది, చక్రం కింద నిమ్మకాయ పెట్టింది. తర్వాత హన్మాండ్లు మెట్టెక్కి లోపలికి దూరాడు. దూరీ దూరగానే పైకప్పుకు తల ఠంగుమని తగిలింది. ఏ కాలు ముందు పెట్టాలో తెలియక లోపల ఇరుక్కుపోతే, అయూబ్ కింద నుంచి ఎడమకాలు ముందు, ఎడమకాలు అని గొణిగాడు. కూత పెట్టే తాడేది బాపూ అని భూమేశ్ అడిగితే హన్మాండ్లు అటూ ఇటూ తడిమి, చివరికి ఏదో గొట్టం పట్టుకుని నవ్వు మొహం పెట్టాడు.

కొమురవ్వ ఇదంతా చూసింది. కొబ్బరి చిప్ప ఒకటి అయూబ్‌కు ఇస్తూ మెల్లగా అడిగింది.

“అన్నా, నువ్వు గూడ గీడనే పనిచేసినవంట గదా. నువ్వేం చేస్తుంటివి?”

హన్మాండ్లు కోసం అన్నీ సిద్ధం చేసుకున్నారు గానీ, మరి అయూబ్ ఎవరు అన్నది ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. హన్మాండ్లు ఇంజను లోపలి నుంచి చూస్తున్నాడు.

“నేనా?” అన్నాడు అయూబ్. “నేను... బ్రేకు పట్టుకుంటుంటి చెల్లె.”

“ఏదీ, చెయ్యి చూపియ్యి.”

ఎందుకో తెలియక అయూబ్ అరచేయి చాచాడు. పాలూ పంచదారా కలుపుకునే చేయి, మెత్తగా ఉంది. కొమురవ్వ దాన్ని చూసింది. తర్వాత ఇంజను దగ్గరికి పోయి, గొట్టం పట్టుకుని ఉన్న మొగుడి కుడిచేతిని చూసింది. ఆ అరచేతిలో అడ్డంగా, బొటనవేలి మొదలు నుంచి చిటికెనవేలి దాకా, కాయలు కాచి గట్టిపడిన గీత ఒకటుంది. పట్టాలు పీకేసి పాతికేళ్ళయినా అది పోలేదు. మొదటి సెలవుకు వచ్చినప్పుడే ఆమె అడిగింది, బండి తోలితే ఇన్ని కాయలెందుకని. ఇంజను పిడి అట్లాంటిదని చెప్పాడప్పుడు.

“దిగుట్ల పట్టుకున్నోని చెయ్యి నాకెరికె,” అంది కొమురవ్వ. “మా నాయిన చెయ్యి గిట్లనే ఉంటుండె.”

హన్మాండ్లు ఇంజను దిగాడు, దిగేటప్పుడు కూడా తల తగిలింది. ఇంకో అబద్ధం చెప్పొచ్చు. అయూబ్ తడుముకుంటూ ఏదో ఒకటి అల్లడానికి సిద్ధంగానే ఉన్నాడు. కానీ హన్మాండ్లుకు విసుగొచ్చేసింది, తన మీద తనకే. నేరుగా బోర్డు దగ్గరికి పోయి, బ్యానరు తాళ్ళు తనే విప్పాడు. పరాటా కిందికి జారింది, సమోసా జారింది. ఫోటో బయటపడింది.

ఎనిమిది డబ్బాల నిండా రాళ్ళు. అన్నిటి వెనక, నీడలో, ఇంజను లోపల టోపీ పెట్టుకున్న అయూబ్. అన్నిటికంటే ముందు డబ్బాకు, బయట, కాళ్ళ కింద జానెడు చెక్క తప్ప ఏమీ లేని చోట, తలకు రుమాలు చుట్టుకున్న బక్కపలచటి కుర్రవాడు ఒంటిని వెనక్కి వాల్చి రెండు చేతులా కడ్డీని లాగిపట్టుకుని ఉన్నాడు.

“గాయినె అయూబు,” అన్నాడు హన్మాండ్లు. “నేనిది. నేను డ్రైవర్ను గాదే.”

కొమురవ్వ ఫోటోకు దగ్గరగా పోయింది. చాలాసేపు చూసింది. భూమేశ్ ఏదో అనబోతే చేత్తోనే ఆపింది.

“సీటేది?” అంది.

“లేదు.”

“గా చెక్క మీద నిలవడేనా? ఆరేండ్లు?”

“ఆరేండ్లు.”

అప్పుడు ఆమెకు కోపమొచ్చింది. అది అబద్ధం విన్న కోపం కాదు. “నువ్వు నీడకు కూసున్నవనుకొని నేను కడుపు నిండ తిన్న, కంటి నిండ పండుకున్న,” అంది. “ఊళ్ళె అందరి మొగలు ఎండల చేస్తున్నరని బాధపడుకుంట, మా ఆయినె సల్లగున్నడని మొక్కుకున్న. నువ్వేమో అన్నిటికి ముందట నిలవడితివి. నాకెందుకు చెప్పలే?”

ఇక్కడ హన్మాండ్లుకు మంచి అవకాశం దొరికింది. నీకు నిద్ర పట్టదనే చెప్పలేదు అంటే సరిపోయేది. ఆమె కళ్ళు తుడుచుకునేది, అయూబ్ కూడా ముక్కు చీదేవాడు. కానీ మూల విరిగిన పలకను తీసి పక్కన పెట్టే అలవాటు ఎక్కడికి పోతుంది?

“మీ బావకు లారీ ఇచ్చిన్రంటివి,” అన్నాడు తల వంచుకుని. “సీటు కింద ఫ్యానున్నదంటివి. నాకు కడుపు మండింది.”

కొమురవ్వ నవ్వింది. నవ్వాపుకోలేక బోర్డును పట్టుకుంది.

“మా బావనా?” అంది. “గా లారీని ఏడాదిల బోల్తగొట్టి ఇంటికొచ్చె గదయ్యా.”

భూమేశ్ నవ్వాడు. అయూబ్ నవ్వాడు. హన్మాండ్లుకు కూడా నవ్వొచ్చింది గానీ, ఇంకా నవ్వొచ్చో లేదో తెలియక పెదాలు బిగబట్టాడు. అంతలో ఆమె నవ్వు ఆపి, ఏదో గుర్తొచ్చినట్టు కుంకుమ పొట్లం వైపు చూసింది.

“మరి నేను దసరకు పంపిన బొట్టు? ఇంజనుకు పెట్టుమంటి. ఎవలికి పెట్టినవ్?”

“బ్రేకుకు,” అన్నాడు హన్మాండ్లు. “ఏటేట బ్రేకుకే పెట్టిన. నిమ్మకాయ గూడ ముందటి డబ్బా కిందనే తొక్కిచ్చిన.”

కొమురవ్వ మొహం మీద ఆ మాట పనిచేయడం అందరికీ కనబడింది. బిగుసుకున్న ముడి విడినట్టు ఆమె ఊపిరి వదిలింది. తన కుంకుమ దారి తప్పలేదు. ఎక్కడ చేరాలో అక్కడికే చేరింది, ఆరు దసరాలూ ఆయన చేతి కిందే ఉంది. ఇంక ఒక్క మాట మాట్లాడకుండా, ఇంజను చక్రం కింద పెట్టిన నిమ్మకాయ తీసి, పక్కన నిలబెట్టిన డబ్బా చక్రం కింద పెట్టింది. డబ్బాకు ఇంకా ఆ పాత కడ్డీ ఉంది. దానికి మూడు వేళ్ళతో నిండుగా బొట్టు పెట్టింది. ఆ తర్వాత మొగుణ్ణి చెక్క మీద ఎక్కి నిలబడమంది.

హన్మాండ్లు ఎక్కాడు. ఈసారి ఏ కాలు ముందు పెట్టాలో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. చేతులు వాటంతటవే కడ్డీని పట్టుకున్నాయి, ఒళ్ళు వెనక్కి వాలింది. అరచేతి గీతలోకి కడ్డీ చక్కగా ఇమిడింది. భూమేశ్ ఫోటో తీస్తూ, ఎందుకో ఫోన్ కాసేపు పక్కకు తిప్పి కళ్ళు ఒత్తుకున్నాడు.

కొమురవ్వ తన ఫోన్ తీసి, ఊరి ఆడవాళ్ళ గ్రూపులో మాట పంపే గుర్తు మీద వేలు నొక్కిపట్టింది. అరుగు మీద కూర్చుని కూత విన్న వాడకట్టంతా ఆ గ్రూపులో ఉంది. ఇంక తనకు ఊళ్ళో మొహం ఉండదనుకున్నాడు హన్మాండ్లు.

“అందరు ఇనుండ్రి,” అంది ఆమె ఫోన్‌లోకి, గొంతు పెంచి. “జగిత్యాల స్టేషన్ల ఉన్నం. మా ఆయినె రైలు డ్రైవరు గాడు. డ్రైవరు ఎనుక నీడకు కూసుంటుండె. రైలు ముందట నిలవడి గుట్ట మీదికెళ్ళి రాళ్ళ బండిని పట్టుకొని దించింది మా ఆయినె. ఆరేండ్లల ఒక్కనాడు గూడ ఇడిసిపెట్టలే. ఫోటో సర్కారోళ్ళు పెట్టిన్రు. పంపిస్తున్న, సూడుండ్రి.”

“నేనేం ఉత్తగ కూసుంటుంటినా చెల్లె?” అన్నాడు అయూబ్ నొచ్చుకుని. “ఖాళీ డబ్బాల్ని పైకి గుంజింది ఎవరు?”

అదీ చెప్తానని ఆమె ఇంకో కొబ్బరి చిప్ప అతని చేతిలో పెట్టింది. గుర్తు మీది నుంచి వేలు మాత్రం తీయలేదు. ఫోన్ పట్టుకుని డబ్బా దగ్గరికి వచ్చి, కడ్డీ పట్టుకుని నిలబడ్డ మొగుడి నోటి దగ్గర పెట్టింది.

“కూత గూడ నోటితోనే పెట్టినవు గదా?” అంది. “ఇంజనుల తాడెక్కడుందో తెల్వనోడివి. పెట్టు, అందరు ఇంటరు.”

హన్మాండ్లు సిగ్గుపడ్డాడు, కొడుకును చూశాడు, అయూబ్‌ను చూశాడు. తర్వాత కళ్ళు మూసుకుని, ముప్పై ఏళ్ళ కింద దుప్పటి ముసుగులో పెట్టిన కూతను ఈసారి ముసుగు లేకుండా, ఛాతీ నిండా గాలి పీల్చుకుని పెట్టాడు. అది వాగు మీదుగా పోయి అవతలి కొండకు తగిలి, కోరుట్ల వైపు నుంచి తిరిగొచ్చింది. మేకలు తలలెత్తి చూశాయి. నాన్న ఎట్లా ఉంటాడో కూడా తెలియని వయసులో ఆ కూత వింటే తప్ప నిద్రపోని భూమేశ్ చేతిలోని చాయ్ కప్పు కింద పెట్టాడు. అసలు ఇంజను కూత ఇట్లా ఉండేది కాదని అయూబ్ పక్క నుంచి అంటూనే ఉన్నాడు.

“ఇదే,” అన్నాడు భూమేశ్. “ఇదే కూత.”